గొట్టానికీ గుండుకూ నడుమ వెలితి: అల్ ఖర్జ్ ఆయుధ చరిత్ర

సౌదీ అరేబియా రాజధాని రియాద్‌కు ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న అల్ ఖర్జ్ సున్నపురాతి నేల కుంగి ఏర్పడిన లోతైన నీటిగుంటలకూ, ఖర్జూర తోటలకూ పేరుపొందిన ప్రాంతం. నజ్ద్ పీఠభూమికి దక్షిణ ద్వారం వంటి ఈ ఒయాసిస్సును పట్టుకున్నవారికి ధాన్యమూ నీరూ దక్కేవి కనుక, గత రెండు శతాబ్దాలలో దీని కోసం యుద్ధాలు తప్పలేదు. సౌదీ రాజ్యపు తొలి ఆయుధ కర్మాగారం కూడా 20వ శతాబ్దపు నడుమ ఇక్కడే వెలిసింది. మట్టిగోడల వెనుక నిలబడి, మూతి నుంచి మందు దట్టించే తుపాకులతో పోరాడిన ఊరు యంత్రాలపై తూటాలు చేసే పట్టణంగా మారిన ఈ కథలో రాజుల కన్నా ముందుగా తెలుసుకోవలసినది సీసపు గుండునూ, దాని కొలతనూ.

1838లో ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పంపిన సేనాపతి ఖుర్షీద్ పాషా, అల్ ఖర్జ్ ప్రాంతంలో ఆనాటి ముఖ్యపట్టణమైన దిలమ్‌ను ముట్టడించాడు. రెండవ సౌదీ రాజ్యపు అమీరు ఫైసల్ బిన్ తుర్కీ లోపలి నుంచి ప్రతిఘటించి, చివరకు ఆ ఏడాది డిసెంబరులో లొంగిపోయి ఈజిప్టుకు బందీగా వెళ్లాడు. 1843లో అక్కడి నుంచి తప్పించుకుని వచ్చి 1865 దాకా మళ్లీ పాలించాడు. ఈ ముట్టడిలో ఎదురెదురుగా నిలిచిన రెండు పక్షాల తుపాకులూ మూతి నుంచి నింపేవే. ఈజిప్టు సిపాయిలది చెకుముకి రాయి రాపిడితో నిప్పురవ్వ పుట్టించే ఐరోపా పద్ధతి తుపాకీ కాగా, నజ్ద్ యోధులలో ఎక్కువమందిది కాలుతున్న ఒత్తిని మందుపైకి వంచే పాతకాలపు ఒత్తి తుపాకీ. ఇంగ్లీషు యాత్రికుడు చార్లెస్ డౌటీ 1876, 1878 మధ్య ఉత్తర, మధ్య అరేబియాలో తిరిగినప్పుడు కూడా బెదూయిన్ల భుజాన ఆ ఒత్తి తుపాకులే కనిపించాయి. ఐరోపా సైన్యాలు ఎప్పుడో విడిచిపెట్టిన ఆయుధాన్ని ఎడారివాసి అంతకాలం అట్టిపెట్టుకోవడానికి వెనుకబాటుతనమే కారణమని తేల్చేయడం న్యాయం కాదు. ఆ తుపాకీకి కావలసిన మందునూ గుండునూ అతడు తన గుడారం దగ్గరే సమకూర్చుకోగలిగేవాడు.

గుండు పోయడానికి కావలసినవి కొద్దిపాటి నిప్పు, ఇనుప మూకుడు, గరిటె, పట్టకారు ఆకారంలో రెండు చెక్కలుగా తెరుచుకునే అచ్చు. సీసం సుమారు 327 డిగ్రీల సెల్సియస్ వేడికే కరుగుతుంది గనుక, ఇనుముకూ కంచుకూ వలె కొలిమితిత్తుల శ్రమ అక్కరలేదు. కరిగిన సీసంపై తేలే బూడిదరంగు తెట్టెను, కాస్త మైనమో కొవ్వో వేసి కలిపి తీసివేస్తే, అడుగున అద్దంలా మెరిసే శుద్ధమైన లోహం నిలుస్తుంది. అచ్చును ముందుగా వేడెక్కించాలి. చల్లని అచ్చులో పడిన సీసం అంచులకు చేరకముందే గడ్డకట్టి, గుండు ఒంటిపై ముడతలు తేలుతాయి. అచ్చు మరీ కాగితే గుండు పైభాగం పేలవంగా, మంచు పట్టినట్టుగా కనిపిస్తుంది. లోపల గాలిబుడగ చిక్కుకున్న గుండు చూపుకు బాగానే ఉన్నా తూకంలో తేలిపోతుంది, దారిలో వంకర తిరుగుతుంది. అందుకే నేర్పరులు ఒక్కొక్క గుండునూ తూచి, తేలికైనవాటిని తిరిగి మూకుట్లో వేస్తారు. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడినా అది క్షణంలో ఆవిరై లోహాన్ని ముఖంపైకి చిమ్ముతుంది. సీసపు పొగ, పొడి ఒంట్లోకి చేరి చేసే హాని ఇంతకన్నా నెమ్మదైనదీ, ఇంతకన్నా మొండిదీ.

నున్నని గొట్టంలో వేసే ఇలాంటి గుండ్రని గుండుకు కొలత పట్టింపు తక్కువ. మూతి నుంచి జారవిడిస్తే అడుగుదాకా దిగాలి గనుక గుండు గొట్టం కన్నా కొంత చిన్నదిగా ఉండాలి. ఆ వెలితి గుండా మందు పేలుడు వాయువులు కొంత వృథాగా పోతాయి, గుండు గొట్టపు గోడలకు అటూ ఇటూ తగులుతూ బయటపడి గురి తప్పుతుంది. గొట్టం లోపల మెలికలుగా గాడులు చెక్కి, గుండు వాటిని పట్టుకుని గిరగిర తిరుగుతూ వెళ్లేలా చేస్తే గురి నిలుస్తుందని ఐరోపా తుపాకీ పనివారికి శతాబ్దాలుగా తెలుసు. గాడులను పట్టుకోవాలంటే గుండు బిగుతుగా ఉండాలి, బిగుతుగా ఉంటే మూతి నుంచి దిగదు. బ్రిటిష్ సైన్యపు బేకర్ రైఫిల్‌కు మొదట్లో గుండును కొట్టి దింపడానికి చెక్క సుత్తిని కూడా ఇచ్చారంటే ఆ చిక్కు ఎంతటిదో తెలుస్తుంది.

వదులుగా దిగి బిగుతుగా వెలువడే గుండును ఫ్రెంచి సైనికాధికారి క్లోద్ ఎతియెన్ మినియే 1849లో రూపొందించాడు. కోసుగా సాగిన ముక్కు, అడుగున గుల్ల, ఆ గుల్లలో చిన్న ఇనుప గిన్నె ఉన్న ఈ మెత్తని సీసపు గుండు మందు పేలగానే అడుగున ఉబ్బి గాడుల్లోకి ఒదిగిపోతుంది. అమెరికాలో హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలకు చెందిన జేమ్స్ బర్టన్ ఇనుప గిన్నె లేకుండానే, గుల్ల అంచు పలుచగా ఉంటే చాలునని నిరూపించడంతో 1855లో అమెరికా సైన్యం ఆ రకాన్ని స్వీకరించింది. ఈ గుండ్లు వాడే, మూతి నుంచి నింపే గాడుల తుపాకీనే రైఫిల్ మస్కెట్ అన్నారు. దీనికి గుండు పోయడం ఇంటిపని కన్నా ఎక్కువ జాగ్రత్త కోరుతుంది. అచ్చు అడుగున గుల్ల కోసం నిలిపే మేకు సరిగ్గా నడుమ ఉండాలి. తగరం కలిసి గట్టిపడిన సీసం ఉబ్బదు గనుక శుద్ధమైన సీసమే వాడాలి. పోత పోసిన గుండును నునుపుచేసిన ఉక్కు కంత గుండా ముక్కు ముందుగా నెట్టి, అచ్చు అతుకు గీతనూ కోలదనాన్నీ సరిచేసి, గొట్టం కన్నా అంగుళంలో వెయ్యోవంతు, రెండు వెయ్యోవంతులు మాత్రమే తక్కువగా ఉండే కొలతకు దించాలి. ఆపై దాని చుట్టూ ఉన్న గాడుల్లో మైనమూ కొవ్వూ పట్టించాలి. పోత ఎంత బాగున్నా ఈ చివరి పని తప్పితే తుపాకీ పనికిరాదు.

బ్రిటిష్ వారి 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మస్కెట్ ఈ సంగతికి గట్టి సాక్ష్యం. దాని 39 అంగుళాల గొట్టం లోపలి వ్యాసం 0.577 అంగుళాలు, అంటే సుమారు 14.7 మిల్లీమీటర్లు. దానికి వాడిన సుమారు 34 గ్రాముల ప్రిచెట్ గుండు వ్యాసం 0.568 అంగుళాలు. మిగిలిన వెలితిని గుండుకు చుట్టిన కాగితం పూడ్చేది. సిపాయి కాగితపు తూటా కొనను పంటితో చింపి, మందును గొట్టంలో పోసి, తూటాను తిరగవేసి గుండును కాగితంతో సహా మూతిలో నిలిపి, పై కాగితాన్ని తుంచి, ఇనుప కడ్డీతో దట్టించేవాడు. 1857లో భారత సిపాయిల తిరుగుబాటుకు ఒక కారణమైన కొవ్వు ఈ కాగితానికి పూసినదే. తిరుగుబాటు చరిత్రలో అంతగా చెప్పుకోని మరో విషయం ఉంది. ఇంగ్లండులో చక్కగా దిగిన గుండు హిందూదేశపు ఎండలో, కొన్నిసార్లు పేల్చి మసిబట్టిన గొట్టంలో దిగకుండా మొరాయించింది. ఫలితంగా గుండు వ్యాసాన్ని 0.550 అంగుళాలకు తగ్గించి, కొవ్వుకు బదులు తేనెమైనం వాడవలసి వచ్చింది. అంగుళంలో వందోవంతుకు ఇంచుమించు రెట్టింపైన ఈ తగ్గింపు మేజాబల్లపై పుట్టిన లెక్క కాదు, వేడి నేల నేర్పిన పాఠం. తిరుగుబాటు అణగిన తరువాత దేశీయ సిపాయిలకు గాడులు లేని నున్నని గొట్టం తుపాకులను ఇచ్చి, మేలైన గురిని ప్రభుత్వం తెల్ల సైనికులకే దాచుకుంది.

అరబ్బుల తుపాకీ తెలుగు నేలకూ కొత్తది కాదు. 19వ శతాబ్దంలో దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ నుంచి వచ్చిన యోధులు ఒత్తి తుపాకీ, వంపు బాకు ధరించి నిజాం వద్దా, హైదరాబాదు జాగీర్దార్ల వద్దా కొలువు చేశారు. వారి వారసులు నేటికీ బార్కస్‌లో ఉన్నారు. వారికన్నా ముందే, 18వ శతాబ్ది చివర ఫ్రెంచి సేనాని రేమాండ్ హైదరాబాదులో ఫిరంగులూ గుండ్లూ పోసే కర్మశాలను నెలకొల్పాడు. తోప్ కా సాంచా అని పిలిచిన ఆ చోటు పేరే నేటి గన్‌ఫౌండ్రీ. 1798లో ఇంగ్లీషువారు నిజాం కొలువులోని ఫ్రెంచి దళాన్ని రద్దుచేయించారు. ఆయుధం సొంతంగా పోసుకోగల రాజ్యం తమ మాట వినదని వారికి బాగా తెలుసు.

వెనుక నుంచి నింపే మార్టిని-హెన్రీ తుపాకీ 19వ శతాబ్ది చివర మస్కట్ రేవు మీదుగా అరేబియాలోకి వచ్చాక లెక్క మారిపోయింది. అది వేగంగా పేలుతుంది, దూరం కొడుతుంది. అయితే గుండు, మందు, నిప్పు మూడూ ఒకే ఇత్తడి గొట్టంలో ఇమిడిన తూటాను అచ్చుతో, మూకుడుతో ఇంటి దగ్గర పోయడం సాధ్యం కాదు. 1902లో రియాద్‌ను చేజిక్కించుకున్న సౌదీ వంశీయుడు అబ్దుల్ అజీజ్ 1903 జనవరిలో దిలమ్ వద్దనే ప్రత్యర్థి వంశపు పాలకుడు ఇబ్న్ రషీద్ సేనను వెనక్కి తిప్పి, దక్షిణ నజ్ద్‌లో తన పట్టు నిలుపుకున్నాడు. 1838లో గుండును తానే పోసుకోగలిగిన ఊరి ముంగిట 65 ఏళ్ల తరువాత జరిగిన ఈ పోరులో తూటాలు సముద్రం అవతలి కర్మాగారాలవి. మంచి తుపాకీ కోసం ఎడారి చెల్లించిన మూల్యం ఈ ఆధారపడటమే.

ఆ లోటు పూడ్చడానికి అబ్దుల్ అజీజ్ రాజు 1949లో సైనిక కర్మాగారాల స్థాపనకు ఆదేశమివ్వగా, 1953లో అల్ ఖర్జ్‌లో పని మొదలైంది. తరువాతి దశాబ్దాలలో అక్కడే జర్మన్ లైసెన్సుతో జీ-3 రైఫిళ్లు, వాటి తూటాలు తయారయ్యాయి. జీ-3 గొట్టం గాడుల మిట్టల నడుమ కొలత 7.62 మిల్లీమీటర్లు కాగా, రాగి మిశ్రమపు తొడుగు ఉన్న దాని గుండు వ్యాసం సుమారు 7.82 మిల్లీమీటర్లు. గుండు ఇక మూతి నుంచి దిగనక్కరలేదు కనుక, దానిని గొట్టం కన్నా లావుగానే చేస్తారు.