దగ్గరి వైద్యుడు, బయటి వైద్యుడు: పోలీసు దర్యాప్తులో వైద్య సాక్ష్యం

లక్ష్యం
ఈ పాఠం చదివిన తరువాత, దర్యాప్తులో వైద్యుని పాత్ర చారిత్రకంగా ఎలా రూపొందిందో, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల అనుభవం దానిపై ఏ ప్రశ్నలు లేవనెత్తిందో మీరు వివరించగలుగుతారు.

1. పరిచయం
గాయం ఎంత లోతైనదో, తూటా ఎంత దూరం నుండి వచ్చిందో, మరణం ఎప్పుడు సంభవించిందో పోలీసు అధికారి చెప్పలేడు. అది వైద్యుడు చెప్పాలి. వైద్యుడు పోలీసు శాఖ ఉద్యోగి కాదు. అయినా సాధారణంగా పోలీసులు కోరితేనే పరీక్ష చేస్తాడు, నివేదికను వారికే పంపుతాడు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. దగ్గరలోని వైద్యుణ్ణి పిలిస్తే ఆలస్యం ఉండదు. దూరం నుండి, సంబంధం లేని వైద్యుణ్ణి రప్పిస్తే అనుమానం ఉండదు. ఈ రెండు ప్రయోజనాలూ ఒకేచోట దొరకడం అరుదు. పాఠం చదువుతున్నంతసేపూ ఈ విషయం గుర్తుంచుకోండి.

2. చారిత్రక నేపథ్యం
మన దేశంలో నమోదైన తొలి వైద్య న్యాయ శవపరీక్ష 1693లో మద్రాసులో జరిగిందని చెబుతారు. విషప్రయోగం అనుమానంతో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఎడ్వర్డ్ బల్క్లీ దానిని నిర్వహించాడు. 1849లో అదే నగరంలో రసాయన పరీక్షకుని ప్రయోగశాల ఏర్పడింది. 1898 నాటి నేర విచారణ ప్రక్రియా స్మృతి 174వ సెక్షన్ ప్రకారం, అనుమానాస్పద మృతదేహాన్ని సమీపంలోని సివిల్ సర్జన్‌కు గాని, ప్రభుత్వం నియమించిన అర్హుడైన మరో వైద్యునికి గాని పంపాలి. చట్టం కోరిన మొదటి గుణం సామీప్యమే. వేడి వాతావరణంలో శవం ఎక్కువ కాలం నిలవదు కదా!

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు అప్పుడు నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యంలో ఉన్నాయి. దేశమంతటా అమలులో ఉన్న స్మృతి ఇక్కడికి 1951 ఏప్రిల్ 1న వచ్చింది. 1973 స్మృతి 53వ సెక్షన్‌తో మరో అడుగు ముందుకు వేసింది. ఎస్సై స్థాయికి తగ్గని అధికారి కోరితే, అరెస్టయిన వ్యక్తిని వైద్యుడు పరీక్షించవచ్చు. అందుకు అవసరమైన మేరకు బలప్రయోగాన్ని కూడా అనుమతించారు. ఆ విధంగా వైద్యం చేసే చేయే సాక్ష్యం సేకరించే చేయి అయింది.

3. చట్టం కొలిచిన దూరం
2005 సవరణ 53-ఎ సెక్షన్‌ను చేర్చింది. దాని ప్రకారం అత్యాచార నిందితుణ్ణి ప్రభుత్వ లేదా స్థానిక సంస్థ ఆసుపత్రి వైద్యుడు పరీక్షించాలి. నేరస్థలానికి 16 కిలోమీటర్ల పరిధిలో అలాంటి వైద్యుడు లేకపోతే, రిజిస్టరైన ఇతర వైద్యుడు ఎవరైనా పరీక్షించవచ్చు. ప్రైవేటు వైద్యునికి చట్టం తలుపు తెరిచింది ఇలా. బాధితురాలి పరీక్షకు మాత్రం ఆమె సమ్మతి తప్పనిసరి.

ఇక్కడ ఒక మాట వద్ద జాగ్రత్త పడండి. మన పల్లెల్లో ‘ఆర్.ఎం.పి.’ అంటే డిగ్రీ లేకుండా సూదిమందు వేసే ఊరి వైద్యుడు. చట్టం చెప్పే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అంటే వైద్య మండలిలో పేరు నమోదైన పట్టభద్రుడు. ఒకే మూడక్షరాలు ఇద్దరినీ సూచిస్తున్నా, సాక్ష్యం విలువలో వారి మధ్య ఎంతో అంతరం ఉంది.

దేవరకొండ, అచ్చంపేట వంటి మెట్ట, అటవీ ప్రాంతాల్లో ఊళ్లు దూరదూరంగా ఉంటాయి. అక్కడ 16 కిలోమీటర్లంటే చిన్న దూరం కాదు. ఈ ప్రాంతంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఇటీవలివే. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రారంభమయ్యాయి.

4. పోలీసుల చర్యే విచారణకు వచ్చినప్పుడు
పోలీసు కాల్పుల్లో మరణం సంభవిస్తే ఈ చిక్కు మరింత బిగుస్తుంది. అప్పుడు సాక్ష్యం కోరే శాఖ, ప్రశ్నించబడే శాఖ ఒకటే. 2015 ఏప్రిల్ 7న నాటి నల్లగొండ జిల్లా ఆలేరు వద్ద వరంగల్ జైలు నుండి హైదరాబాదు కోర్టుకు తరలిస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు కాల్పుల్లో మరణించారు. అంతకు ముందే, 2014లో, పి.యు.సి.ఎల్. కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇలాంటి మరణాల్లో జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు వైద్యులు శవపరీక్ష చేయాలి. వారిలో ఒకరు వీలైనంతవరకు ఆ ఆసుపత్రి అధిపతి కావాలి. పరీక్షను వీడియో తీసి భద్రపరచాలి.

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద, పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించారు. చటాన్‌పల్లి 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. మృతదేహాలను మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రికి తరలించి, అదే రోజు శవపరీక్ష జరిపి, వీడియో తీశారు. హైకోర్టు ఆదేశాలపై ఆ తరువాత దేహాలను హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో భద్రపరిచారు. డిసెంబర్ 21న హైకోర్టు రెండవ శవపరీక్షకు ఆదేశించింది. ఢిల్లీ ఎయిమ్స్ ఫోరెన్సిక్ నిపుణులు 23న దానిని నిర్వహించారు.

రెండు పరీక్షల మధ్య 17 రోజులు గడిచాయి. దేహాలు క్షీణిస్తున్నాయని ఆసుపత్రి అధికారి హైకోర్టుకు తెలిపారు. పైగా మొదటి పరీక్షలో ఒకసారి కోసి చూసిన శరీరం రెండవ వైద్యునికి మునుపటి స్థితిలో దొరకదు. బయటి వైద్యుడు నిష్పాక్షికతను తెచ్చాడు, కానీ గడిచిన కాలాన్ని వెనక్కి తేలేడు. అందుకే మొదటి పరీక్షే అందరూ నమ్మగలిగేలా ఉండాలి.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని అది అభిప్రాయపడింది. సుప్రీంకోర్టు తదుపరి చర్యను హైకోర్టుకు అప్పగించింది. కమిషన్ అభిప్రాయం న్యాయస్థానం తీర్పు కాదని విద్యార్థులు గుర్తించాలి.

5. నేటి స్థితి
2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులో ఉంది. దానిలో 16 కిలోమీటర్ల నియమం, ‘సమీపంలోని సివిల్ సర్జన్’ అనే పాత మాట అలాగే కొనసాగుతున్నాయి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి రావాలి. దీని అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఉంది. సౌకర్యం లేని రాష్ట్రం మరో రాష్ట్రపు సౌకర్యాన్ని వాడుకోవచ్చు. అంటే ‘బయటి’ నిపుణుని అవసరాన్ని చట్టమే ఒప్పుకున్నది.

6. సారాంశం
బయటి వైద్యుడు అన్నప్పుడు ఎవరికి బయట అని అడగాలి. పోలీసు శాఖకు బయటా, జిల్లాకు బయటా, రాష్ట్రానికి బయటా? దూరం పెరిగే కొద్దీ విశ్వాసం పెరగవచ్చు, కాని సాక్ష్యం తరుగుతుంది. జిల్లా కేంద్రంలోని వైద్యుడే ఎవరి ఒత్తిడికీ లొంగకుండా రాయగలిగితే దూరం వెళ్లవలసిన పని తగ్గుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. 1898 స్మృతి ‘సమీపంలోని’ వైద్యునికి ప్రాధాన్యం ఎందుకు ఇచ్చింది?
2. 16 కిలోమీటర్ల నియమం మీ మండలంలో ఎలా వర్తిస్తుందో పరిశీలించి రాయండి.
3. చటాన్‌పల్లి ఘటనలో రెండవ శవపరీక్ష ప్రయోజనాన్ని, పరిమితిని చర్చించండి.