తిండి లెక్కలు: అడిగినవాళ్ళూ, తిన్నవాళ్ళూ

"ఆహారపు అలవాట్లు" అనే మాట మన పాఠ్యపుస్తకాల్లోనూ ఆరోగ్యశాఖ కరపత్రాల్లోనూ చాలా మామూలుగా కనిపిస్తుంది. పేదవాళ్ళకు సరైన ఆహారపు అలవాట్లు లేవనీ, ఆకుకూరలు, పాలు, గుడ్లు తినాలన్న అవగాహన వాళ్ళకు కల్పించాలనీ రాస్తుంటారు. ఈ మాటలో ఒక తీర్పు దాగి ఉంది. అలవాటంటే మనిషి తనంతట తాను చేసుకున్నది, కాబట్టి తనంతట తానే మార్చుకోవలసింది. తినే మనిషి కులం ఏమిటి, ఆ రోజు కూలి దొరికిందా లేదా అన్న సంగతులు ఈ మాటలోకి రావు. మనుషులు తాము తిన్నది ఏ రోజుకా రోజు రాసుకుంటే ఈ మాట నిలబడుతుందా అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

అందుకు రెండు రకాల కాగితాలు ఎదురుగా పెట్టుకున్నాను. ఒకటి, నూరేళ్ళకు పైగా ప్రభుత్వాలు రాయించిన లెక్కలు. రెండోది, నూజివీడు దగ్గర మా పల్లెలో, మా ఇంట్లో, మామిడి కాపు మొదలైన దగ్గర్నుంచి శ్రావణం దాకా రాసుకున్న ఒక నోటుపుస్తకం. మా అమ్మ చెప్పింది, బడికి పోయే మా అక్క కూతురు రాసింది. ఇది ఒక్క ఇంటి లెక్క. దీన్నిబట్టి ఊళ్ళన్నిటికీ సూత్రం చెప్పటం నా ఉద్దేశం కాదు. పెద్ద లెక్కల్లోంచి ఏం జారిపోతుందో చూడటానికి మాత్రం ఇది పనికొచ్చింది.

అడిగినవాళ్ళు

మన తిండి గురించి సర్కారు వేసిన పాత ప్రశ్నల్లో ఒకటి ఆకలి గురించి కాదు, కులం గురించి. 1911 జనగణనలో హిందువుల లెక్కలో ఉన్నవాళ్ళలో ఎవరిని వేరుగా చూపాలో తేల్చటానికి పది గుర్తులు పెట్టారు. బ్రాహ్మణుల ఆధిక్యాన్ని ఒప్పుకోకపోవటం, గుడిలోపలికి ప్రవేశం లేకపోవటం, అంటుపడటం వంటి వాటితో పాటు గొడ్డుమాంసం తినటం, ఆవును పూజించకపోవటం కూడా అందులో ఒక గుర్తు. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' గ్రంథంలో అంబేద్కర్ ఈ గుర్తులను ముందుపెట్టుకునే తన వాదన నడిపారు. అంటే మన కంచంలో ఏముందన్నది మొదట మన చోటు ఎక్కడో చెప్పటానికి అడిగిన ప్రశ్న. తిండి గురించి కాగితం పట్టుకుని వచ్చే మనిషి ముందు మనవాళ్ళు ఎందుకు మాట మింగుతారో అర్థం కావాలంటే ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

ఆ తర్వాత తిండి ప్రయోగశాలలోకి పోయింది. నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ 1920ల్లో ఎలుకలను గుంపులుగా విడదీసి, దేశంలో ఒక్కో ప్రాంతంవాళ్ళ తిండి ఒక్కో గుంపుకు పెట్టి పెంచాడు. సిక్కుల తిండి తిన్న ఎలుకలు అందరికంటే బాగా పెరిగాయి, మద్రాసీ తిండి తిన్నవి అడుగున ఉండిపోయాయి. అప్పుడు కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అయితే ఆ మద్రాసీ తిండి ఎవరిది? గంజి తాగిన పాలేరుదీ, నెయ్యి వేసుకున్న జమీందారుదీ ఒకే తిండి కాదు కదా. పాలిష్ పట్టిన బియ్యంలో సత్తువ లేదన్న మాట నిజమే. ఆ నిజం చెప్పిన లెక్కలో కులాలు మాత్రం కనపడలేదు.

1935లో కూనూరు సంస్థకు అధిపతిగా వచ్చిన ఆక్రాయిడ్ కాలంలో ఇళ్ళకు పోయి లెక్క తీసే పద్ధతి స్థిరపడింది. వంటకు ముందు బియ్యం, పప్పు, కూరగాయలు తూకం వేస్తారు. ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి పంచుతారు. ఏ పదార్థంలో ఎంత సత్తువ ఉందో చెప్పే పట్టిక 1937లో హెల్త్ బులెటిన్ 23వ సంఖ్యగా అచ్చయింది. ఆ సంస్థే 1958లో హైదరాబాదు తార్నాకకు వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1972లో దాని కింద జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల పల్లెల్లో బ్యూరో మనుషులు గిన్నెలు, కప్పులు వెంట తీసుకుపోయి, నిన్నంతా ఏం తిన్నారో ఆ కప్పులతో కొలిచి చెప్పమని అడిగేవారు. ఆ బ్యూరోను 2015లో మూసేశారు. ఈ లెక్కలు పనికిరానివని నేను అనటం లేదు. కూలి ఇళ్ళల్లో తిండి ఎంత తక్కువో అంకెల్లో చూపించినవి ఇవే. కరపత్రాలు ఎన్ని నీతులు చెప్పినా, అన్నమే చాలటం లేదని ఈ అంకెలే చెప్పాయి.

కానీ పంచే చోట ఒక చిక్కు ఉంది. ఇంటి తిండిని మనుషులకు పంచటానికి ఒక కొలమానం వాడతారు. కూర్చుని పనిచేసే మగమనిషి 1 అయితే అదే పనిచేసే ఆడమనిషి 0.8. బరువు పని చేసే మగమనిషి 1.6, ఆడమనిషి 1.2. ఇది ఒంటికి ఎంత కావాలో చెప్పే అంచనా. ఇంటి మొత్తం తూకం వేసి ఈ అంచనా ప్రకారం పంచితే, కుండ అడుగున మిగిలింది తిన్న మనిషికి కూడా కాగితం మీద ఆమె వాటా వచ్చినట్టే కనపడుతుంది. మనిషి మనిషినీ విడిగా అడిగితే తప్ప ఆ తేడా బయటికి రాదు.

జాతీయ శాంపుల్ సర్వేది ఇంకో కథ. రైతు తన ఇంట్లో వండించి పాలేరుకో కూలివాళ్ళకో పెట్టిన అన్నం పాత లెక్కల్లో రైతు ఇంటి వాడకం కింద పడేది. కూలి కడుపులోకి పోయింది ఆసామి ఖాతాలో చేరేదన్నమాట. 1999-2000 నాటి 55వ విడతలో తిండి ఖర్చును గత 30 రోజులకూ గత 7 రోజులకూ పక్కపక్కనే అడిగారు. అడిగే తీరు మారేసరికి అంకెలు పెరిగాయని పండితులు వాదించుకున్నారు. 1993-94లో 36 శాతంగా ఉన్న పేదరికం 26 శాతానికి దిగిందని ప్రభుత్వం చెప్పుకున్నది ఆ లెక్క మీదే. పేదరికం ఎంత తగ్గిందన్నది కొంతవరకు ఎలా అడిగారన్న దాని మీద ఆధారపడిందంటే, అడిగేవాళ్ళ చేతిలో ఎంత ఉందో చూడండి.

మా ఇంటి నోటుపుస్తకం

నూజివీడు మెట్ట ప్రాంతం. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కింద డెల్టాలో వరి పెరిగింది, మా వైపు ఎర్ర నేలల్లో మామిడి నిలిచింది. ఊరు పేరు చెప్పగానే అందరికీ చిన్న రసాలు గుర్తొస్తాయి. 2022 ఏప్రిల్‌లో మేం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి పోయాం, తోటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పూత మీదో పిందె మీదో తోటను వ్యాపారి గుత్తకు తీసుకుంటాడు. మగవాళ్ళు చిక్కంతో కాయ కోస్తారు, ఆడవాళ్ళు మోస్తారు, ఏరతారు, గడ్డి పరిచి సర్దుతారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పని ఉంటుంది. ఆ తర్వాత నాట్లు పడేదాకా చేతులు ఖాళీ.

నోటుపుస్తకం తెచ్చినప్పుడు మా అమ్మ నవ్వింది. "తిన్నది రాసుకోటం ఏంటే, తిననిది రాసుకో, పుస్తకం నిండుద్ది" అంది. మొదటి వారం పేజీలన్నీ ఒకేలా ఉన్నాయి. అన్నం, పప్పు, కూర, మజ్జిగ. పక్కనే ఉండి చూసినదాన్ని కాబట్టి అది నిజం కాదని నాకు తెలుసు. చదువుకున్న కూతురు అడుగుతోంది గనుక చదువుకున్నవాళ్ళ భోజనం చెప్పింది. ఆదివారం "కూర" అని మాత్రం చెప్పింది. పిల్ల "ఏం కూర అమ్మమ్మా" అని అడిగితే "కూర అని రాయవే, ఆ పుస్తకం బడికి గానీ తీసికెళ్తావా?" అంది. ఇంట్లో ఉడికింది పెద్దకూర. 1911 నాటి గుర్తు మా అమ్మకు ఎవరూ చదివి వినిపించలేదు. అయినా కాగితం మీద ఆ మాట పడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

రెండో వారం నుంచి పద్ధతి మార్చాం. ఏం తిన్నాం అన్నదాని పక్కన ఇంకో మూడు గడులు గీశాం. అది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఆ రోజు కూలి ఉందా, చివర ఎవరు తిన్నారు. అప్పుడు పుస్తకం మాట్లాడటం మొదలుపెట్టింది.

ఎక్కణ్ణుంచి అన్న గడిలో సగం సంగతులు కొన్నవి కావు. బియ్యం రేషనువి. పొన్నగంటి కూర చెరువు గట్టుది. చింతచిగురు దోవ పక్క చెట్టుది. పులుసులోకి రాలిన మామిడికాయ, అదీ గుమాస్తా ఊరుకున్న రోజున. ఆకుకూరలు తినమని కరపత్రం చెబుతుంది గానీ, కంచె వేసిన తోటలో, కలుపు మందు కొట్టిన గట్టు మీద ఆకుకూర ఎక్కడ కోసుకోవాలో చెప్పదు. కూలి గడిలోనూ కొత్త సంగతి తెలిసింది. గుత్తదారు మధ్యాహ్నం అన్నం పెట్టిన రోజు కూలి డబ్బు తగ్గించి ఇచ్చాడు. పెట్టిన అన్నం దానం కాదు, అది మా అమ్మ కూలే.

జూన్ దాకా పేజీల్లో గుడ్డు, ఎండుచేప, వారానికోసారి మాంసం వచ్చాయి. ఆషాఢం వచ్చేసరికి అవి ఒక్కొక్కటే పోయాయి. అన్నం, పచ్చిమిరపకాయ పచ్చడి. పొద్దున టీ, రాత్రికి మళ్ళీ అదే అన్నం. వండే చేయి అదే, కుండ అదే, మనిషి అదే. రెండు నెలల్లో ఆమె అలవాటు మారిందా? మారింది కూలి ఒక్కటే. మా అమ్మే ఆ పేజీలు పిల్ల చేత చదివించుకుని, "పని ఉన్నప్పుడు మనం కూడా మనుషుల్లాగే తిన్నాం గదే" అంది.

చివర ఎవరు తిన్నారన్న గడి మాకు ఇబ్బంది పెట్టింది. దాదాపు ప్రతి రోజూ ఒకే పేరు. మాంసం వండిన రోజున కూడా ఆమె కంచంలో పులుసే. మా నాన్న ఆ గడి చూసి, "ఇది కూడా రాయాలా" అన్నాడు. కొట్టెయ్యమని మాత్రం అనలేదు. బయటివాళ్ళ కరపత్రాన్ని విమర్శించిన నోటితోనే ఈ గడి గురించి కూడా మాట్లాడాలి. దళిత ఇంటి తిండి గురించి మనం రాసుకునే చరిత్రలో ఆడవాళ్ళ కంచం విడిగా కనపడకపోతే, మనమూ ఇంటి మొత్తాన్ని తూకం వేసి పంచినట్టే.

అలవాటు అన్న మాట రాజకీయం

అలవాటు అనే మాట ఎంత దూరం పోతుందో మామిడి టెంకను బట్టే చెప్పవచ్చు. 2001 ఆగస్టులో ఒరిస్సా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో ఆదివాసులు మామిడి టెంకలోని జీడితో చేసిన గంజి తాగి చనిపోయారు. అవి ఆకలి చావులు కావు, పాడైన జీడి తినటం వల్ల వచ్చినవి అని ప్రభుత్వం వైపు నుంచి వాదన వచ్చింది. టెంక తినటం వాళ్ళ ఆహారపు అలవాటు అన్న మాట కూడా వచ్చింది. మన ఉత్తరాంధ్ర మన్యంలోనూ టెంక అంబలి కొత్త సంగతి కాదు. ఇంట్లో ధాన్యం అయిపోయిన నెలల్లో దాచుకున్న బూజు టెంక తినాల్సి రావటం అలవాటు ఎలా అవుతుంది? నూజివీడు రసం తిని టెంక పారేసేవాళ్ళూ ఉన్నారు, ఆ టెంకతోనే వానాకాలం గడిపేవాళ్ళూ ఉన్నారు. రోజువారీ లెక్క ఉంటే, టెంక కంటే ముందు ఇంట్లోంచి ఏమేం పోయాయో అది చెప్పి ఉండేది.

మన ఉద్యమం తిండి గురించి మాట్లాడకపోలేదు. 1927 మార్చిలో మహద్ సభలో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమని చెప్పారు. అది మాంసాన్ని అసహ్యించుకోవటం కాదు, వెట్టితోనూ అవమానంతోనూ ముడిపడిన తిండిని వదలమనటం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసి, మా తిండికి మేం సిగ్గుపడం అన్నారు. దాడులు కూడా ఎదుర్కొన్నారు. రెండూ ఆత్మగౌరవం నుంచి వచ్చినవే. ఈ రెంటి మధ్యా మిగిలిన రోజులున్నాయి. పచ్చడి మెతుకుల రోజులు, టీతో సరిపెట్టుకున్న పొద్దులు. వాటి గురించి మనం రాసింది తక్కువ.

1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక మా పల్లెల్లో పొయ్యి ఆరిపోయే రోజులు తగ్గాయని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ మేలును తక్కువ చేయకూడదు. మా పుస్తకంలో మూడు పూటలా తెల్లటి అన్నమే కనపడటం కూడా అందులో భాగమే. జొన్నలు, చోళ్ళు మా అమ్మ మాటల్లో ఉన్నాయి గానీ ఒక్క పేజీలోనూ లేవు. ఇప్పుడు కూలి ఇళ్ళల్లోకి కూడా షుగరు వ్యాధి వచ్చింది. డాక్టరు అన్నం తగ్గించమంటాడు. తగ్గించి దాని చోట ఏం పెట్టుకోవాలన్నది మళ్ళీ కూలి గడిలోకే వస్తుంది.

ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ నా సూచన ఒకటే. బడిలో తిండి గురించి పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేత వాళ్ళ ఇంటి లెక్క రాయించవచ్చు. కానీ దాన్ని తరగతిలో పైకి చదివించకూడదు. ఎవరింట్లో ఏం ఉడికిందో నలుగురిలో చెప్పించటం 1911 నాటి ప్రశ్నను మళ్ళీ వేయటమే అవుతుంది. పుస్తకం రాసినవాళ్ళ దగ్గరే ఉండాలి. కార్యకర్తలు కూలి రేటు గురించి మాట్లాడేటప్పుడు, పని లేని నెలల్లో పని అడిగేటప్పుడు, ఆ ఇళ్ళవాళ్ళు ఒప్పుకుంటే ఈ పేజీలు సాక్ష్యానికి పనికొస్తాయి. జూన్ పేజీ, ఆగస్టు పేజీ పక్కపక్కన పెడితే ఏ అధికారికైనా సంగతి అర్థమవుతుంది.

మా నోటుపుస్తకంలో చివరి పేజీ నాట్లు మొదలైన రోజుది. ఆ రోజు కూలి వచ్చింది, కోడిగుడ్ల పులుసు వండారు. నాలుగో గడిలో మా అక్క కూతురు అలవాటుగా అమ్మమ్మ పేరు రాయబోయి ఆగి, "ఇవాళ అందరం కలిసి కూచున్నాం గదా, ఏం రాయను?" అని అడిగింది. "అదే రాయి" అంది మా అమ్మ.