పేదపిల్లవాని చొక్కా

శతవార్షికోత్సవ సంచికలో కుట్టుపనిని గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. సండే స్కూలు చరిత్రను నాటికగా ప్రదర్శింప పూనుకొని పాత పుస్తకములు తిరుగవేయుచుండగా అందులో కత్తెర, దారపుండ కూడ మాకు కనబడినవి. అందుచేత ఈ నాలుగు మాటలు.

1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణములో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు ప్రారంభించిన సంగతి మన పిల్లలు కూడ ఎరుగుదురు. మంచి బట్టలు లేవని వెనుదీసిన పిల్లలతో ఆయన, ఉన్న బట్టలతోనే రండి, ముఖము చేతులు కడుగుకొని తల దువ్వుకొని వచ్చిన చాలునని చెప్పెనట. మాట మంచిదే. కాని చలిదేశములో చొక్కా లేని పిల్లవాడు ఎన్ని ఆదివారములు రాగలడు? ఆ సంగతి ఆలోచించినవారు కూడ ఉండిరి. 1789లో లండనులో ఒక చిన్న పుస్తకము అచ్చయినది. బీదలకు బట్టలు కత్తిరించు విధము నేర్పు పుస్తకమది. సండే స్కూళ్లను పోషించు స్త్రీల కొరకు వ్రాయబడినది. దానిని హార్ట్‌ఫర్డ్‌షైరులోని హార్టింగ్‌ఫర్డ్‌బరీ అను ఊరి సండే స్కూలు పిల్లల సహాయార్థము ప్రచురించిరి. వ్రాసినవారి పేరు దానిపై లేదు. కుట్టుపనిలో ఏ అనుభవము లేనివారు సహితము తగినంత గుడ్డ కొని, కత్తిరించి, ఒక్కొక్క వస్త్రమునకు ఎంత ఖర్చగునో తేల్చుకొనుటకు అందులో పటములు, లెక్కలు ఉన్నవి. తలిదండ్రులు పిల్లలకు బట్టలు సమకూర్చుకొనుటకు తోడ్పడు పద్ధతి ముందుమాటలోనే చెప్పబడినది.

పాత కాలపు దుస్తులను ఆ కాలపు కత్తిరింపు ప్రకారము ఇంట కుట్టుకొనుట నేడు పాశ్చాత్య దేశములలో చాలమందికి ఇష్టమైన వ్యాసంగము. ఇంగ్లండులో జానెట్ ఆర్నాల్డ్ అను ఆమె మ్యూజియములలోని గౌనులను అంగుళము అంగుళము కొలిచి, ఎనిమిదవ వంతు కొలతతో గళ్ల కాగితముపై గీసి, 1964 నుండి పుస్తకములుగా వెలువరించినది. వారికి అది గొప్ప ఆధారము. అయితే మ్యూజియములలో మిగిలినవి ఎక్కువగా కలవారి పట్టుబట్టలు. బీదవారి బట్టలు చినుగువరకు తొడుగబడి, తరువాత పిల్లలకు తగ్గించబడి, చివరకు గుడ్డపేలికలైనవి. లండనులోని అనాథ శిశు ఆశ్రమపు రికార్డులలో మాత్రము, తల్లులు విడిచిపోయిన శిశువులను మరల గుర్తుపట్టుటకై గుచ్చి ఉంచిన గుడ్డముక్కలు సుమారు 5000 దాచబడియున్నవి. అన్నియు 1741కిని 1760కిని నడిమి కాలమువి. అవి ముక్కలే గాని అంగీలు కావు. కనుక బీదపిల్లవాని చొక్కా చూడగోరినవారు దానిని కుట్టుకొనవలసినదే.

మేము నాటిక కొరకు నాలుగు చొక్కాలు కుట్టితిమి. ఆ కాలపు కుట్టుపుస్తకములలో కొలతలు ‘నెయిల్’ లెక్కన ఉండును. గోరా, మేకా అని మొదట నవ్వుకొంటిమి. గజములో పదహారవ వంతు, అనగా రెండుంపావు అంగుళములు అని తరువాత తెలిసినది. అంతకంటె వింత ఏమనగా, ఆ చొక్కాలో వంపు లేదు. ఒంటి భాగమంతయు ఒకే నిలువు ముక్క, భుజముపై మడత పెట్టి మెడకు చీల్చినది. చేతులు నలుచదరపు ముక్కలు, మణికట్టు దగ్గర కుచ్చులు. కాలరు కూడ పట్టీయే. కత్తెరతో గీత వెంబడి కోయుట కాదు. పోగు లాగి, ఆ దారిలో తిన్నగా కోయవలెను. గుడ్డ పన్నాయే చొక్కా వెడల్పు. అంచులు ప్రక్క కుట్లలో కలియును గనుక పోగులు ఊడవు. చేనేత ముతక గుడ్డతో కుట్టితిమి. పని ముగిసిన తరువాత నేలమీద ఊడ్చుటకు పిడికెడు దారపు పోగులు తప్ప ఏమియు మిగులలేదు.

పటములో చంక క్రింద ఒక చిన్న చదరపు ముక్క చూపబడినది. నలుచదరపు చేతికి ఇది దేనికని మొదటి చొక్కాలో మేము దానిని మానివేసితిమి. రిహార్సలులో పిల్లవాడు పాటకు చేతులు పైకెత్తగానే చంక దగ్గర పర్రున చినిగినది. ఆ ముక్కను మూలవాటముగా అతికించిన తరువాత చేయి హాయిగా ఆడినది. అది అలంకారము కాదు, పనిచేయు పిల్లవానికి చోటు. పొలములో పరుగెత్తి పనిచేయు చేతులను తెలిసినవారే దానిని కనిపెట్టియుందురని మా నమ్మకము.

తరువాతి కాలపు మార్పును కూడ ఇక్కడ చెప్పవలెను. 1863లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో, స్టెర్లింగ్ అను ఊరిలో, ఎబెనేజర్ బటరిక్ అను దర్జీ పలు సైజులలో కాగితపు నమూనాలు అమ్మనారంభించెను. తొలినాటి పల్చని కాగితపు నమూనాలపై అక్షరము ముద్రించబడలేదు, గుర్తులకు రంధ్రములే. ఈ నమూనాలతో ఇంటి ఇల్లాలు దర్జీవలె ఒంటికి సరిపడు దుస్తులు కుట్టగలిగినది. వంపులు వచ్చినవి, వంపులతో పాటు గుడ్డముక్కలు కూడ బుట్టలో పడినవి. మిల్లుగుడ్డ అగ్గువైన తరువాత ఆ ముక్కలను గూర్చి ఎవరును బాధపడలేదు. అదే మిల్లుగుడ్డ మన కోస్తా నేతగాండ్ర మగ్గములను ఎట్లు ఆపినదో అది వేరుగా వ్రాయవలసిన కథ. 1789 నాటి స్త్రీ మాత్రము గుడ్డ ఎంత ఉన్నదో ముందు చూచి, తరువాత ఎందరు పిల్లలకు సరిపోవునో లెక్కించినది.

నాటిక అయిన తరువాత ఆ చొక్కాలను ఉతికి, మడిచి, మా స్త్రీల మైత్రి వారి పెట్టెలో ఉంచితిమి. చూడగోరిన సోదరీలు వచ్చి చూడవచ్చును. మొదటిదాని చంకలోని అతుకు కొంచెము వంకరగా ఉండును. అది మా తొందరపాటే.