తిరుపతి విమానాశ్రయము

చిత్తూరు జిల్లాలో వెలసి, 2022 నాటి పునర్విభజనతో తిరుపతి జిల్లాకు చెందిన ఈ విమానాశ్రయము, పేరునకు తిరుపతిదే యైనను, నెలకొన్నది మాత్రము రైలు కూడలిగా ప్రసిద్ధిగాంచిన రేణిగుంట చెంతనే. 1970వ దశకమున ఇండియన్ ఎయిర్‌లైన్స్ హైదరాబాదునుండి నడపిన విమానములతో ప్రయాణిక సేవ లారంభమైన దీనికి, 2015 అక్టోబరు 22న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన గరుడ టెర్మినల్ నూతన స్వరూప మొసగినది. గరుత్మంతుని తలపించు ఆ కట్టడము, శ్రీవారి వాహనమును స్మరింపజేయుచు, యాత్రికునకు కొండ యెక్కకమునుపే క్షేత్రస్ఫురణ గలిగించుట మిక్కిలి ఉచితము. 2017లో అంతర్జాతీయ హోదా లభించినను, ఇచట దిగువారిలో అత్యధికులు స్వదేశ యాత్రికులే. తిరుమలపై విమానములు ఎగురరాదని దేవస్థానము పలుమార్లు కేంద్రమును కోరినది. ఆగమమర్యాద నెరిగినవారికి ఆ కోరిక సమంజసమే. శ్రీకాళహస్తికి పోవువారు తిరుపతి పట్టణము ప్రవేశింపకయే ఇచటినుండి నేరుగా సాగిపోవచ్చును.