గుండుబల్బుకున్న లెక్క సీఎఫ్ఎల్‌కి ఎందుకు లేదు?

ప్రభుత్వం కొత్త బల్బులు పంచిందని బోలెడు వార్తలొస్తాయి. మరి పాతవి ఎటు పోయాయి? మా కడప, కర్నూలు వైపు దీనికి జవాబు ఒకటే: ఊరి బయట దిబ్బ.

కాస్త వెనక్కి వెళ్దాం. 2009లో కేంద్రం బచత్ ల్యాంప్ యోజన మొదలుపెట్టింది. గుండుబల్బు ఇస్తే 15 రూపాయలకే సీఎఫ్ఎల్. మిగతా ఖర్చు పెట్టుబడిదారుడు పెట్టుకుని, కార్బన్ క్రెడిట్లు అమ్ముకుని రాబట్టుకోవాలి. మన రాష్ట్రంలో విశాఖపట్నంలో ఓస్రామ్ కంపెనీ ఇలాంటి పథకమే నడిపింది.

తమాషా ఇక్కడే ఉంది. క్రెడిట్లు రావాలంటే వెనక్కి తీసుకున్న గుండుబల్బుల్ని లెక్కపెట్టి, పగలగొట్టినట్టు రుజువు చూపాలి. అందులో ఉండేది గాజు, తీగ, అంతే! పాదరసం ఉన్నది సీఎఫ్ఎల్‌లో. అది మాడిపోతే ఎవరు తీసుకోవాలి? 2011 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల్లో టీవీ, ఫ్రిజ్ ఉన్నాయి గానీ బల్బులు లేవు. 2016 నిబంధనల్లో గానీ వాటికి చోటు దొరకలేదు. అప్పుడు సేకరించే బాధ్యత తయారీదారుల మీద పెట్టారు.

అప్పటికే ఎల్ఈడీలు వచ్చేశాయి. 2014లో పక్కనున్న అనంతపురంతో సహా నాలుగు జిల్లాల్లో పది రూపాయలకే ఎల్ఈడీ ఇవ్వడం మొదలైంది. అంటే సీఎఫ్ఎల్‌ల కాలం ముగుస్తుండగా చట్టం వచ్చిందన్నమాట.

"ఒక్కో బల్బులో ఉండేది కొద్ది మిల్లీగ్రాములే కదా, ఇంత గోలెందుకు?" అనొచ్చు. నిజమే. పైగా బొగ్గులోనూ పాదరసం ఉంటుంది. సీఎఫ్ఎల్ వాడి కరెంటు ఆదా చేస్తే, ముద్దనూరు దగ్గరి మన ఆర్టీపీపీ లాంటి కేంద్రాల పొగలో అది ఆ మేరకు తగ్గుతుంది. కాబట్టి సీఎఫ్ఎల్ పంచడం తప్పని నేననను. పొగలో తగ్గినదాన్ని చెత్తలో ఎందుకు వదిలేశామనేదే నా ప్రశ్న. గుండుబల్బుల్ని లెక్కపెట్టగలిగిన వ్యవస్థకి ఇది చేతకాక కాదు. అక్కడ డబ్బు ఉంది, ఇక్కడ లేదు.

ఇది పాత కథేనని వదిలేయకండి. ఓర్వకల్లు, గని ప్రాంతంలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఆ పలకలూ ఏదో ఒకరోజు పాతబడతాయి. 2022 నిబంధనలు సోలార్ వ్యర్థాల్ని 2034-35 దాకా నిల్వ ఉంచమంటున్నాయి. ఆ తర్వాత? ఈసారైనా లెక్క ముందే రాసుకుంటే మంచిది. ఏమంటారు?