అల్పోక్తి

ఉన్నదానిని పెంచి చెప్పినచో అతిశయోక్తి. తగ్గించి చెప్పినచో అల్పోక్తి. మొదటిది కావ్యములలో ఎక్కువ, రెండవది ఇండ్లలో ఎక్కువ. గాదెలు నిండిన రైతును పలుకరింపుడు. “ఏదో గడచిపోవుచున్నదండీ” అనును. జ్వరముతో మంచము పట్టినవాడు “కొంచెము నలతగా ఉన్నది” అనును. వినువాడు మన పద్ధతి ఎరిగినవాడు కనుక, తగ్గిన పాలు తానే కలుపుకొని గ్రహించును.

ఎరుగనివాడు విన్నచో ఏమగును? కొరియా యుద్ధచరిత్రలో దీనికొక నిదర్శనము చెప్పుదురు. 1951 ఏప్రిల్ 22 రాత్రి చైనా సేనలు ఇంజిన్ నదిమీద పెద్దయెత్తున వచ్చిపడెను. బ్రిటిషు 29వ బ్రిగేడులోని గ్లాస్టర్ పటాలమును ఒక గుట్టపై చుట్టుముట్టెను. స్థితి యెట్లున్నదని అమెరికను సేనాని అడుగగా, బ్రిగేడియర్ బ్రోడీ “కొంచెము చిక్కుగానే ఉన్నదండీ” అను అర్థము వచ్చు మాట చెప్పెనట. ఆంగ్లేయునికి అది ప్రాణాపాయమునకు మారుపేరు. అమెరికనునకు మాత్రము, కష్టమే కాని నిలువగలరని తోచెను. పటాలము అక్కడనే నిలిచెను. 25వ తేదీన తప్పించుకొని రండని అనుమతి వచ్చునప్పటికి దారులు మూసికొనిపోయెను. ఐదువందలకు పైగా బందీలైరి.

అంతటికిని ఆ యొక్క మాటయే కారణమని మేము అనము, శత్రుబలము అపారము. కాని ఇరువురి భాషయు ఇంగ్లీషే, పలుకుబడియే వేరు. అల్పోక్తి వినయమునకు అందము, అపాయమునకు ముసుగు. వైద్యుడు వచ్చినపుడు “కొంచెము నలత” అనక, జ్వరమెంతయో అంతయు చెప్పుట మేలు.