గన్నేరు కొమ్మ, గాల్వెస్టన్ ఊరు

మనకి గన్నేరు చరిత్ర ఉన్న మొక్క కాదు, ఎప్పుడూ ఉన్న మొక్క. శివుడికి పువ్వు, వినాయక చవితి 21 పత్రిలో కరవీరం అన్న పేరుతో ఆకు, ఈమధ్య హైవే డివైడర్ల మీద వరసగా పెంచే పొద. ఎవరు తెచ్చారు, ఎప్పుడు నాటారు అని ఎవరూ అడగరు.

అమెరికాలో ఒక ఊరు మాత్రం ఆ లెక్క రాసి పెట్టుకుంది. టెక్సస్ తీరంలో గాల్వెస్టన్ అనే దీవి, హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్ళు వీకెండ్‌కి బీచ్ అంటూ వెళ్ళే చోటు. అక్కడ చెప్పే కథ ప్రకారం 1841లో జోసెఫ్ ఓస్టర్‌మన్ అనే వర్తకుడు జమైకా నుంచి ఓడలో గన్నేరు మొక్కల్ని తొట్లలో తెచ్చి, భార్య రొసానాకీ, ఆమె తమ్ముడి భార్యకీ ఇచ్చాడు. ఆ మరదలి తోటలో అవి ఏపుగా పెరిగాయి. ఆవిడ కొమ్మలు తుంచి ఊళ్ళోవాళ్ళకి పంచింది. ఒక ముద్ద గులాబీ రంగు రకానికి ఇప్పటికీ ఆవిడ పేరే: 'మిసెస్ ఐజడోర్ డయ్యర్'. ఐజడోర్ అన్నది భర్త పేరు.

నాకు ఈ కథలో 'తెచ్చాడు' అన్న క్రియ దగ్గర పేచీ ఉంది. ముద్ద గన్నేరు విత్తనం వేస్తే అదే పువ్వు వస్తుందన్న నమ్మకం లేదు. అదే పువ్వు కావాలంటే కొమ్మే నాటాలి. విత్తనమైతే గాలికి కొట్టుకుపోయి ఎక్కడో మొలుస్తుంది గానీ, కొమ్మ మాత్రం మనిషి చెయ్యి లేకుండా గోడ దాటదు. అంటే ఓడ ప్రయాణం ఒక్కసారి జరిగింది, పంపకం కొన్ని దశాబ్దాలు జరిగింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే మొదటి కమిట్ చేసినవాడి పేరు మిగిలింది, ఆ తర్వాత మెయింటైన్ చేసినవాళ్ళు లాగ్‌లో లేరు.

1900 సెప్టెంబర్ 8న తుఫాను వచ్చింది. కనీసం ఆరు వేలమంది పోయారు. తర్వాత ఊరు సముద్రానికి అడ్డంగా 17 అడుగుల గోడ కట్టుకుంది. అంతటితో ఆగకుండా నేలనే పైకి లేపింది. రెండు వేలకు పైగా కట్టడాల్ని జాకీల మీద ఎత్తి, వాటి కింద సముద్రపు ఇసుకనీ నీళ్ళనీ కలిపి గొట్టాలతో నింపారు. ఇంజనీరింగ్ పుస్తకాలు ఇంతవరకు గొప్పగా చెప్తాయి. ఆ ఉప్పు బురద కింద ఊరి పచ్చదనమంతా చచ్చిపోయిందన్నది అంతగా చెప్పవు.

మళ్ళీ నాటింది 1901లో ఏర్పడిన ఉమెన్స్ హెల్త్ ప్రొటెక్టివ్ అసోసియేషన్. తుఫాను మృతులకి సరైన ఖననం, పాల శుభ్రత, మార్కెట్ల తనిఖీ, వీధి చెట్లు అన్నీ ఒకే పనిలో భాగాలు వాళ్ళకి. ఎలిజబెత్ హేస్ టర్నర్ 1997లో గాల్వెస్టన్ స్త్రీల మీద వేసిన పుస్తకం ఈ సంఘాలకి చరిత్రలో చోటిచ్చింది. అయితే ఇది తెల్లవాళ్ళ సంఘమనీ, ఊరు రంగుని బట్టి విడిపోయి ఉండేదనీ మర్చిపోతే, ఒక మరుపు బదులు ఇంకో మరుపు పెట్టుకున్నట్టే.

గన్నేరే ఎందుకంటే ఆకుని తిరగేసి చూడాలి. దాని శ్వాసరంధ్రాలు అడుగువైపు చిన్న గుంటల్లో, నూగు మాటున ఉంటాయి. ఎండలో తడి తొందరగా పోదు. వేళ్ళు ఉప్పుని ఓర్చుకుంటాయి. వేరు నుంచి పువ్వు దాకా విషం కాబట్టి పశువులు ముట్టవు, కంచె అక్కర్లేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ఆలోచించి పెట్టుకోవాలి. నీళ్ళూ కాపలా లేని చోట కూడా ఏడాది పొడుగునా పచ్చగా ఉండే మొక్క, ఉప్పు తిన్న నేలకి అంతకంటే ఏం కావాలి?

మన పెరటి ముద్ద గన్నేరుకి ఓడ లేదు, తేదీ లేదు, సంఘం లేదు. అడిగితే, 'పక్కింటి అత్తయ్యగారు కొమ్మ ఇచ్చారు' అంటారు. ఆ అత్తయ్యగారికి ఎవరిచ్చారో కూడా అడిగి రాసిపెట్టుకుంటే, ఆవిడ ఉండగానే, ఒక ఊరి చరిత్రకి మొదటి పేజీ దొరుకుతుంది.